నిమ్మకాయల మీదుగా సర్వర్ గదికి

తూకం వేసే కాంటా మీదికి లారీ ఎక్కితే ముందుగా మా గది కిటికీ అద్దాలు కదులుతాయి. ఆ తర్వాతే డబ్బాలో ఎర్ర అంకెలు తిరుగుతాయి. బిందుమాధవి మొదటిసారి వచ్చిన రోజు ఆ అద్దాల చప్పుడుకు ఉలిక్కిపడి, టేబుల్ మీది లాప్‌టాప్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"ఏం కాదు మేడం. లారీ," అన్నాను.

దుర్గేష్ బండి అది. నాచారంలో మా మందుల కంపెనీకి డ్రమ్ములు తోలుతాడు. లారీ కిటికీలోంచి తల బయట పెట్టి నన్ను చూసి అరిచాడు.

"ఉప్పలన్నా, కొత్త మేడం ఎవరే? నన్ను గూడ తూకమేస్తదా?"

"నువ్వు ముందుగాల బండి దిగు. నీ పొట్టకే సగం బరువు పోతున్నది."

ఆమె నవ్వింది. ఉప్పల్ చౌరస్తాలో టిఫిన్ సెంటర్ పైన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది, అక్కడి నుంచి వచ్చింది. మా కాంటాకు కొత్త ప్రోగ్రాం రాసే పని వాళ్లకు ఇచ్చారు. అప్పటిదాకా ఎర్ర అంకెలు చూసి నేను కంప్యూటర్‌లో కొట్టేవాణ్ణి. స్టోర్‌లో వాళ్లు మళ్లీ కొట్టేవాళ్లు. నా అంకె ఒకటి, వాళ్ల అంకె ఒకటి అయి, మధ్యలో డ్రైవర్ ఎండలో నిలబడేవాడు. కొత్త ప్రోగ్రాం వస్తే ఎవరూ కొట్టనక్కర లేదట. కాంటా నుంచి బరువు తానే చీటీ మీదికి పోతుంది, స్టోర్‌కూ పోతుంది.

కాంటా వైరు లాప్‌టాప్‌కు తగిలించింది. దుర్గేష్ బండి బరువు తెర మీద టక్కున వచ్చింది. ఆమె ముఖం చూస్తే పరీక్ష పాసైన పిల్ల ముఖంలా ఉంది.

అదే ప్రోగ్రాంను మధ్యాహ్నం కంపెనీ సర్వర్‌లో పెట్టారు. సర్వర్ ఉండేది స్టోర్ వెనుక చిన్న ఏసీ గదిలో. దాని తాళంచెవి ఉమామహేశ్వర్ మెడలో దారానికి వేలాడుతుంది. కంపెనీ కంప్యూటర్లన్నీ చూసుకునేది ఆయనే. వైర్ల చుట్ట మోసుకుని నేనూ వెంట వెళ్లాను. ఆమె ఏదో నొక్కింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వానలాగా దిగి, ఆగిపోయాయి. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే.

"నా లాప్‌టాప్‌లో నడుస్తోందండీ," అంది.

"వచ్చినోళ్లందరు గదే మాట అంటరు మేడం," అన్నాడు ఉమామహేశ్వర్. గొంతులో కోపం లేదు.

తర్వాత చాయ్ తాగుతూ ఆమే నాకు విడమరిచి చెప్పింది. ఆ లాప్‌టాప్‌లో ప్రోగ్రాం రాసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది. రాసినదాన్ని అక్కడికక్కడే నడిపి చూసుకోవడానికి ఒక చిన్న సర్వర్ ప్రోగ్రాం కూడా దానితోనే వచ్చింది. ఆ రెండింటికీ అడుగున జావా అని ఒకటి ఉంటుంది. అన్నీ కొత్తవే, ఒకదానికొకటి కుదిరినవే. మా సర్వర్‌లో ఉన్న జావా మాత్రం పాతది. కొత్త జావాతో తయారైనదాన్ని పాత జావా చదవలేదు.

"పాతదానికి తగ్గట్టు మళ్లీ రాయరాదా?"

"సగానికి పైగా మొదటి నుంచి రాయాలి బాబాయ్. నెలలు పడుతుంది. అసలు నేను ముందే అడగాల్సింది, మీ సర్వర్‌లో ఏముందీ అని. అంతా బాగా నడుస్తుంటే అడగాలని తోచలేదు."

మేనేజర్ పరంధామయ్య సార్‌కు ఈ సంగతి చెబితే ఆయన పెద్దగా ఆలోచించలేదు.

"నీ లాప్‌టాప్ల నడుస్తుంది గద?"

"నడుస్తోంది సార్."

"మరింకేంది? లాప్‌టాప్ ఈడనే పెట్టిపో."

ఆమె నవ్వింది, తమాషాకు అన్నాడనుకుని. సార్ నవ్వలేదు. ఆ సాయంత్రం ఆమె ఖాళీ బ్యాగు భుజాన వేసుకుని షేర్ ఆటో ఎక్కింది. లాప్‌టాప్ మా టేబుల్ మీదే ఉండిపోయింది. ఆ రోజు నుంచి పొద్దున్నే వచ్చి దాన్ని లేపడం, ఎక్కడైనా తప్పుంటే అక్కడే కూర్చుని సరిచేయడం, చీకటి పడకముందే పోవడం. డ్రైవర్లు మాత్రం సంతోషించారు. చీటీ గబగబా వస్తోంది కదా.

ఒకరోజు ఫోన్ వస్తే బయట వేపచెట్టు కిందికి పోయి మాట్లాడింది. 'సరే సర్' అన్న మాట తప్ప నాకేమీ వినపడలేదు. లోపలికి వచ్చి, చల్లారిన చాయ్ గ్లాసు చేతిలో పెట్టుకుని కూర్చుంది.

"మా ఆఫీసు నడిపే హృషికేశ్ సర్. దసరా మర్నాడు మీ ఓనరుతో కలిసి ఆయన కూడా వస్తారట. లాప్‌టాప్ మీద నడిచేదాన్ని పని అయినట్టు లెక్కేయరు. ఆ రోజుకి మీ సర్వర్ మీద నడిస్తే నన్ను పర్మనెంట్ చేస్తారు. లేకపోతే ఇంతే."

"ఇంతే అంటే?"

"ఇంటికే బాబాయ్."

గ్లాసు తిప్పుతూ మళ్లీ తానే అంది. "పాప పుట్టాక మానేశాను. దానికి బడి అలవాటయ్యేసరికి ఏళ్లు గడిచాయి. మళ్లీ ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న, ఇన్నాళ్లూ ఏం చేశారూ అని. పిల్లని పెంచానంటే తలూపి పంపించేసేవాళ్లు. వీళ్లొక్కరే రమ్మన్నారు."

నేను ఇంకో చాయ్ తెప్పించాను.

మర్నాడు ఆమె ఉమామహేశ్వర్‌ను పట్టుకుంది. సర్వర్‌లో జావా మార్చమని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు అడిగితే చివరికి కారణం చెప్పాడు.

"ఒకపారి మార్చిన మేడం. మనోళ్లు గేటు కాడ వేలు పెట్టి హాజరు కొడుతరు సూడు, ఆ ప్రోగ్రాం పాత జావా మీదనే బతుకుతున్నది. రాసినాయన ఏడున్నడో ఎవ్వలికి ఎరుక లేదు. నేను కొత్త జావా ఎక్కించిన. తెల్లారి ఫస్ట్ షిఫ్టుకు వచ్చినోళ్లందరికీ ఆబ్సెంట్ పడ్డది. ప్యాకింగ్ ఆడోళ్లు వచ్చి నా గది ముందర కూసున్నరు. ఒక్కరు గూడ తిట్టలేదు. ఊకె నా దిక్కు సూసుకుంట కూసున్నరు. తిట్టినా మంచిగుండు. ఇగ దాన్ని నా చేతుల ముట్ట."

"పాతదాన్ని నేనూ ముట్టనండీ. పక్కనే కొత్త జావా, కొత్త సర్వర్ ప్రోగ్రాం వేరుగా పెడతాను. దేని పని దానిదే."

"మెషీన్ ఒక్కటే గద. అది ఇద్దర్ని మోస్తదా మొయ్యదా సూడాలంటే హాజరు బందు వెట్టి సూడాలె. మూడు షిఫ్టుల కంపెనీ ఇది. ఎప్పుడు బందు వెడుతవ్?"

"దసరాకు," అన్నాను నేను.

ఉమామహేశ్వర్ నా వైపు చూశాడు. ఆ ఒక్కరోజు మా కంపెనీలో ఏదీ నడవదు. పొద్దున్నే మిషన్లన్నీ తుడిచి బొట్లు పెడతారు. చేతి పనిముట్లన్నీ ఒకచోట చేర్చి పూజ చేస్తారు. పూజ అయినదాన్ని మర్నాడు పొద్దున దాకా ఎవరూ ముట్టరు.

"దసరాకు అన్నీ బందే ఉంటయి," అని ఆయన మెడలోని తాళంచెవిని కాసేపు వేళ్లతో రుద్దాడు. "కానీ సర్వర్‌కు గూడ పూజ ఉంటది గద. ఒక పని చేద్దాం. నీ పని అయినంకనే దానికి బొట్టు వెడుత. పదకొండు కొట్టేటాళ్లకు రా మేడం."

అంత జాగ్రత్తగా ఆలోచించాడు ఆయన. సర్వర్‌ను పూజలోంచి తప్పించాడు. లాప్‌టాప్ మాట మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

దసరా రోజు గేటుకు మామిడాకులు, బంతిపూల దండలు కట్టారు. దుర్గేష్ తన లారీని కడిగి, ముందర అరటి పిలకలు కట్టి, కొత్త పెళ్లికొడుకును నిలబెట్టినట్టు నిలబెట్టాడు. నేను కాంటా పలకను సబ్బు నీళ్లతో కడిగి, మరకలు పోయేదాకా తుడిచాను. అప్పటికి గదిలో పూజ అయిపోయింది. అక్కడ పరంధామయ్య సార్ ఎవరినీ ముట్టనివ్వడు, పూజంతా తన చేతులతోనే చేస్తాడు.

బిందుమాధవి ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. గడపలోనే ఆగిపోయింది.

టేబుల్ మీద కొత్త తెల్ల గుడ్డ పరిచి ఉంది. దాని మీద స్పానర్లు, సుత్తె, బస్తాలు కుట్టే దబ్బనం, అంకెల డబ్బా. నడుమ ఆమె లాప్‌టాప్. మూత మీద పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి ఉంది. పక్కన అగరుబత్తి పొగ.

"సార్," అంది మెల్లగా. "లాప్‌టాప్ నాకు ఇప్పుడు కావాలండీ."

"పూజల ఉన్నది గదమ్మా."

"సర్వర్ పని ఈ రోజే సార్. అందులో ఉన్నదంతా అటు ఎక్కించాలి."

"రేపు పొద్దుగాల తీస్కో. కాంటా సామానుతోటి కలిపి పెట్టిన. ఇయ్యాల ముట్టుడు లేదు."

"రేపు పొద్దున షిఫ్టు మొదలవుతుంది. సర్వర్ ఆపడానికి ఉండదండీ."

సార్ చెడ్డవాడేం కాదు. కానీ ఒక దసరాకు ఫిట్టర్ ఒకతను, చిన్న పనే కదా అని పూజలోని స్పానర్ తీసుకుని పోయి వేలు నలగ్గొట్టుకున్నాడు. అతణ్ణి దవాఖానాకు తీసుకుపోయింది సారే. అప్పటినుంచి ఈ ఒక్క విషయంలో ఆయనతో ఎవరూ వాదించరు.

ఉమామహేశ్వర్ వచ్చాడు. టేబుల్ వైపు చూసి సంగతి అర్థం చేసుకున్నాడు.

"వేరే లాప్‌టాప్ దొరకదా మేడం?"

"పనంతా ఇందులోనే ఉందండీ. బయటి నెట్ తగిలించొద్దని మీ కంపెనీ రూలు కదా, ఈ మధ్య మార్చినవేవీ ఆఫీసుకు పంపలేదు. పైగా ఆఫీసుకి తాళం. అందరూ ఊళ్లకి పోయారు." చీర కొంగు వేలికి చుట్టి చుట్టి వేలికొస ఎర్రబడింది.

నిమ్మకాయల కోసం దుర్గేష్ లోపలికి వచ్చాడు. ఒక్కొక్కరి ముఖం చూశాడు. నేను రెండు మాటల్లో చెప్పాను.

"గంతేనా!" అన్నాడు. "సార్, మరి నా బండికి గూడ పూజ చేస్తిరి. దాన్నెందుకు తోలుమంటున్నరు?"

"బండి సంగతి వేరేరా. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు తోలితేనే దాని పూజ అయినట్టు."

"ఎందుకట్ల?"

"ఎందుకేంది, రోడ్ల మీద తిరిగేది గాబట్టి. మంచిగ పోయి మంచిగ రావాలె గాబట్టి."

"మరి మేడం లాప్‌టాప్? బ్యాగుల కూసొని ఉప్పల్ నుంచి వచ్చింది. పని అయితే మళ్ల ఉప్పల్‌కే పోతది. కాంటా లెక్క భూమిల పాతి ఉన్నదా? తిరిగే సామాను బండి లెక్కల రాదా?"

సార్ లాప్‌టాప్‌ను కిందా మీదా చూశాడు. అగరుబత్తి బూడిద ఒకసారి రాలింది.

"దానికి చక్రాలేవిరా?" అన్నాడు.

దుర్గేష్ తల గోక్కున్నాడు. ఉమామహేశ్వర్ బయటికి వెళ్లిపోయాడు. ఆయనకు ఈ పని నుంచి తప్పుకోవడానికి ఇంతకంటే మంచి సందు దొరకదని నేననుకున్నాను. బిందుమాధవి కూడా అదే అనుకున్నట్టుంది, ఆయన పోయిన దిక్కే చూస్తూ నిలబడింది.

కొంచెంసేపటికి సిమెంటు నేల మీద గడగడమని చప్పుడు. ఉమామహేశ్వర్ డ్రమ్ముల ట్రాలీని తోసుకుంటూ వచ్చాడు. పొద్దున్నే దానికీ ఎవరో బొట్లు పెట్టారు.

"ఇగో, చక్రాలు," అన్నాడు.

సార్ ట్రాలీని చూశాడు. ఉమామహేశ్వర్‌ను చూశాడు. ఏళ్లుగా ఆ మనిషి ఎవరి కోసమూ ఒక వైరు కూడా జరపలేదని మా అందరికీ తెలుసు.

"నువ్వే తెచ్చినవా?"

"నేనే తెచ్చిన సార్."

పరంధామయ్య సార్ చెప్పులు విడిచి, లాప్‌టాప్‌ను తెల్లగుడ్డతో సహా తానే ఎత్తి, ట్రాలీ మీద పెట్టాడు. దండ జారకుండా సర్దాడు. దుర్గేష్ ముందు చక్రాల కింద చెరొక నిమ్మకాయ పెట్టాడు. "ఉప్పలయ్యా, తోలు," అన్నాడు సార్.

తోశాను. ఎడమ దిక్కు నిమ్మకాయ పటుక్కుమని పగిలింది. కుడి దిక్కుది పగలకుండా జారి, దొర్లుకుంటూ పోయి బీరువా కిందికి చేరింది.

సార్ ముఖం మారింది. పగలని నిమ్మకాయ అపశకునం. బిందుమాధవి మోకాళ్ల మీద కూర్చుని, చీరకు దుమ్ము అంటుతున్నా చూసుకోకుండా, బీరువా కిందికి చెయ్యి పెట్టి నిమ్మకాయను తీసింది. తెచ్చి చక్రం కింద పెట్టి, అది జారకుండా ముందు నుంచి తన చెప్పు అడ్డం పెట్టింది.

"ఇప్పుడు తొయ్యండి బాబాయ్."

తోశాను. రసం చింది గడప దాకా పడింది. సార్ గట్టిగా ఊపిరి వదిలాడు. "అయింది. ఇగ పో బిడ్డా," అన్నాడు.

స్టోర్ పక్క నుంచి సర్వర్ గది దాకా ట్రాలీని నేనే తోశాను. వెనుక దుర్గేష్ నోటితో బ్యాండు కొట్టుకుంటూ వచ్చాడు. ఉమామహేశ్వర్ కసిరితే ఆపాడు.

గదిలో ఒకటే కుర్చీ. అది ఉమామహేశ్వర్‌ది. ఆమె కింద కూర్చుని, లాప్‌టాప్ మూత తెరిచి, కీల మధ్య పడిన పసుపును నోటితో ఊదుకుంది. ఉమామహేశ్వర్ హాజరు ప్రోగ్రాంను ఆపాడు. ఆపేటప్పుడు ఆయన వేలు కాసేపు గాలిలోనే నిలిచింది. ఆమె కొత్త జావా ఎక్కించింది, కొత్త సర్వర్ ప్రోగ్రాం పెట్టింది, దాని మీద కాంటా ప్రోగ్రాం పెట్టింది. అది లేచింది. ఆమె కళ్లు మూసుకుని తెరిచింది.

"ఇప్పుడు మీది లేపండి సర్."

ఆయన తన హాజరు ప్రోగ్రాంను లేపాడు. లేవలేదు.

ఉమామహేశ్వర్ గోడకు ఆనుకున్నాడు. ఆయన కళ్లముందు ఎవరు కూర్చున్నారో నాకు తెలుసు, ఆ ప్యాకింగ్ ఆడవాళ్లే.

"తీసెయ్ మేడం," అన్నాడు. "నీదంతా తీసెయ్."

"తీసేస్తాను సర్. తీసే ముందు ఒక్కసారి చూడనివ్వండి." ఆమె తెరను పైకీ కిందికీ జరిపి చదివింది. రెండోసారి మెల్లగా చదివింది. "మీదానికి ఏం కాలేదు. బస్సులో ఒకే సీటుకు ఇద్దరొచ్చినట్టు, రెండూ ఒకే పోర్టు నంబరు మీద కూర్చోవాలని చూస్తున్నాయి. ముందు వచ్చింది కాబట్టి నాది కూర్చుంది. నాదాన్ని ఆపి వేరే నంబరు మీద కూర్చోబెడతాను. మీ నంబరు మీకే."

ఆయన గోడ దగ్గర నుంచి వచ్చి తెర ముందు వంగాడు. ఆమె మార్చింది. తన ప్రోగ్రాంను ఆపి, ముందుగా ఆయనదే లేపమంది. లేచింది. తర్వాత తనది లేపింది. అదీ లేచింది. ఉమామహేశ్వర్ స్టోర్ వాళ్ల కోసం గది బయట గోడకు పెట్టిన రెండో హాజరు మిషన్ దగ్గరకు పోయి బొటనవేలు పెట్టాడు. టింగుమంది. లోపలికి వచ్చి తెర మీద తన పేరు చూసుకున్నాడు. మళ్లీ బయటికి పోయి మళ్లీ పెట్టాడు. నన్ను పిలిచి నా వేలూ పెట్టించాడు. పండుగ పూట మా ఇద్దరికీ హాజరు పడింది.

అప్పుడు జేబులోంచి కుంకుమ పొట్లం తీసి సర్వర్‌కు బొట్టు పెట్టాడు.

కాంటా తగిలించి చూడటానికి మాత్రం ఆ రోజు లేదు. అది పూజలోనే ఉంది, దాన్ని అడిగే ధైర్యం దుర్గేష్‌కు కూడా లేదు. ఆమె ప్రసాదం పులిహోర డబ్బాలో పెట్టుకుని పోతూ పోతూ కాంటా వైపు రెండుసార్లు తిరిగి చూసింది. లాప్‌టాప్‌ను ఆ రోజు వెంట తీసుకుపోయింది.

మర్నాడు ఫస్ట్ షిఫ్టు వాళ్లు వచ్చేసరికి ఉమామహేశ్వర్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కరూ వేలు పెడుతుంటే ఒక్కొక్క టింగు వింటున్నాడు. ప్యాకింగ్ ఆడవాళ్లందరూ పోయాక మా గదిలోకి వచ్చి నిలబడ్డాడు. బిందుమాధవి కాంటా వైరును మా గదిలోని పాత కంప్యూటర్‌కు తగిలించింది. ఇక బరువు అక్కడి నుంచి సర్వర్‌కు పోవాలి. ఓనరూ హృషికేశ్ సారూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. హృషికేశ్ సార్ టేబుల్ మీద వెతికాడు.

"లాప్‌టాప్ ఏదండీ?"

"బ్యాగులో ఉంది సర్."

దుర్గేష్ బండి ఎక్కింది, ముందర వాడిన అరటి పిలకలతో. అద్దాలు కదిలాయి. ఆమె ఈసారి దేన్నీ పట్టుకోలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎర్ర అంకెలు తిరిగి నిలిచాయి. కంప్యూటర్ తెర మాత్రం అట్లాగే ఉంది. ఆమె పెదవులు కదిలాయి, ఏమందో నాకు వినపడలేదు. తెర మీద బరువు వచ్చింది. ప్రింటర్ చీటీని బయటికి తోసింది. స్టోర్ నుంచి ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"వచ్చిందట," అని చెప్పాను.

ఓనరు చీటీ చూసి పరంధామయ్య సార్‌తో ఏదో మాట్లాడుకుంటూ పోయాడు. హృషికేశ్ సార్ ఇంకో రెండు లారీలు ఎక్కిందాకా ఉండి, వెళ్లేటప్పుడు ఆమెతో అన్నాడు. "సోమవారం వచ్చేటప్పుడు సర్టిఫికెట్లు తెచ్చుకోండి. పర్మనెంట్ లెటర్ ఇచ్చేస్తాను. ఆ తర్వాత చర్లపల్లిలో ఒక కంపెనీ ఉంది, చూడాలి."

"ముందు వాళ్ల సర్వర్‌లో ఏ జావా ఉందో అడగండి సర్," అంది.

ఆయన పోయాక బ్యాగులోంచి లాప్‌టాప్ తీసింది. మూత మీద పసుపు ఎండి పెళుసెక్కింది, బొట్టు అట్లాగే ఉంది. తుడుచుకుంటుందేమోనని తడిగుడ్డ ఇవ్వబోయాను.

"ఉండనివ్వండి బాబాయ్. పాపకి చూపిస్తాను."

ఉమామహేశ్వర్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. మెడలోని తాళంచెవిని వేళ్లతో రుద్దుతున్నాడు.

"మేడం," అన్నాడు. "ఆ హాజరు ప్రోగ్రాం గూడ మస్తు పాతదైంది. ఎప్పటికైనా కొత్తదాని మీదికి తేవాలె. వచ్చే దసరాకు వస్తవా?"

"వస్తాను సర్. కానీ ఈసారి నాకూ ఒక కుర్చీ వేయించండి."

"వేయిస్త," అన్నాడు ఆయన.

బయట ఇంకో లారీ హారన్ కొట్టింది. ఆమె కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. నేను కూర్చున్నాను. అద్దాలు కదిలాయి.